సున్నుండకు సంబంధం

వంశపారంపర్య దోషాలున్న కుక్కలను జత కట్టించరాదు. నిబంధన మొత్తం ఇంతే, ఒక్క వాక్యం. రాసినవాళ్ళెవరో నాకు తెలియదు గాని, సంగతి తెలిసినవాళ్ళే రాశారని ఒప్పుకోవాలి. దాన్ని అమలు చేయమని మా పసలంకకు పంపడమే వాళ్ళు చేసిన పొరపాటు.

అమలుకు ఒక మండలి కావాలి గనక జిల్లా శునక వంశ సంరక్షణ మండలి ఏర్పడింది. మండలికి అధ్యక్షుడు కావాలి గనక పేరూరి విశ్వపతిరావు గారు వచ్చారు. దస్తావేజులు రిజిస్టరు చేసే ఉద్యోగంలో రిటైరైన మనిషి. ఆయనకున్న ఒకే ఒక్క వ్యసనం పెళ్ళి సంబంధాలు కుదర్చడం. రెండువందల పన్నెండు పెళ్ళిళ్ళు చేయించారు. కుక్కల గురించి ఆయనకేం తెలుసని ఎవరూ అడగలేదు. ఇంట్లో చక్రవర్తి అనే పగ్ కుక్క ఉంది, ఆ అర్హత సరిపోయింది. నేను ఆ ఆఫీసులో సూపరింటెండెంటుని. ఫైళ్ళు రాయడం నా పని, అందులో రాసినదాన్ని నమ్మడం నా పని కాదు.

అప్పటికి నాలుగేళ్ళుగా మా ఊరికి పగ్గుల పిచ్చి పట్టుకుని ఉంది. చదును మూతి, పొడుచుకొచ్చిన కళ్ళు, చుట్ట తిరిగిన తోక. బంగారం కొట్టువాళ్ళు కొన్నారని బట్టల కొట్టువాళ్ళు, బట్టల కొట్టువాళ్ళు కొన్నారని ఎరువుల కొట్టువాళ్ళు కొన్నారు. సాయంత్రం వేళ మా మెయిన్ రోడ్డు మీద నడిస్తే ఊరంతా గురక పెడుతున్నట్టు ఉండేది. పొద్దున్న నడకకి తీసుకెళ్ళిన కుక్కల్ని సగం మంది చంకనేసుకుని ఇంటికి తెచ్చుకునేవారు.

మొదటి సమావేశానికి పశువుల డాక్టరు మేరీ సుగుణ గారిని పిలిచాం. ఆవిడ పాపం ఇరవై నిమిషాలు ఓపిగ్గా చెప్పింది.

“దగ్గర చుట్టాల్ని దగ్గర చుట్టాలకే కట్టేస్తున్నారండి. ఒకే తల్లి పిల్లల్ని, తండ్రికీ కూతురికీ కూడా. దాంతో దోషాలన్నీ పిల్లల్లోకి పోగుపడిపోతున్నాయి. ఆ మూతి చూడండి, గాలి వెళ్ళే దారేదండీ అందులో?”

విశ్వపతిరావు గారి మొహం వెలిగిపోయింది. “అంటే సగోత్రం పనికిరాదంటారు. అంతేకదమ్మా? ఈ మాత్రందానికి ఇరవై నిమిషాలెందుకు!”

ఆ సాయంత్రానికల్లా జిల్లాలోని పగ్గులన్నిటికీ గోత్రాలు వచ్చేశాయి. హైదరాబాదు రసీదు ఉన్నవి భైరవస గోత్రం. విజయవాడ రసీదు ఉన్నవి సారమేయస గోత్రం. ఏ రసీదూ లేనివాటికి, గోత్రం తెలియని మనుషులకు చెప్పినట్టే, కాశ్యప గోత్రం. రసీదుల్ని బట్టి రక్తం మారదని డాక్టరుగారు అన్నది.

“మరి మేనరికాల మాటేంటండీ?” అని కూడా అడిగింది.

“మేనరికం మన సంప్రదాయం డాక్టరుగారూ. మా అమ్మా నాన్నా మేనరికమే. నాలో ఏ దోషముందో చూపించండి.”

అందరం ఆయన వంక చూశాం. ఎవరమూ చూపించలేదు. డాక్టరుగారి అభ్యంతరం ఆసక్తితో వినడమైనదని నేను మినిట్స్‌లో రాశాను.

రెండో సమావేశంలో అసలు దోషమంటే ఏమిటన్న చర్చ వచ్చింది. డాక్టరుగారు పెద్ద జాబితా తెచ్చింది. అణిగిన మూతి, మూసుకుపోయిన ముక్కు రంధ్రాలు, గురక, వంకర వెన్నెముక. అధ్యక్షుల వారు దాన్ని పగ్ జాతి లక్షణాల పుస్తకం పక్కన పెట్టి వేలితో గీత గీసి చూశారు.

“ఇవన్నీ ఇందులో ఉన్నాయి కదమ్మా. జాతికి ఉండవలసిన లక్షణం దోషం కాజాలదు. రెండూ ఒకటే అయితే మనం లక్షణాలకొకటీ దోషాలకొకటీ రెండు రిజిస్టర్లు ఎందుకు పెట్టినట్టు?”

ఆ ప్రకారం తీర్మానం రాశాం. మూతి అణిగియుండుట లక్షణము. గురక లక్షణము. మెట్లెక్కునపుడు స్పృహ తప్పుట దగ్గర మాత్రం కాస్త ఆగవలసి వచ్చింది, అది పుస్తకంలో లేదు. కాని చక్రవర్తి రోజూ సాయంత్రం రెండో మెట్టు మీద ఆ పనే చేస్తాడని అధ్యక్షుల వారు సెలవిచ్చాక దాన్ని రాజస లక్షణముగా చేర్చాం. అలా మా జిల్లాలో దోషమున్న పగ్ ఒక్కటీ లేకుండా పోయింది. ఈ ఘనత ఏ వైద్యానికీ సాధ్యమయ్యేది కాదు.

ఇక్కడితో ఆగి ఉంటే బాగుండేది. మూడో సమావేశంలో అధ్యక్షుల వారికి కొత్త బెంగ పట్టుకుంది. నిర్దోషులని తేలిన కుక్కల్ని ఇళ్ళలో ఊరికే ఉంచుకుంటే వంశం ఏమైపోవాలి? అందుచేత రెండేళ్ళు నిండిన ఆడకుక్కకు యజమాని సంబంధం చూడాలి. చూడకపోతే మండలి చూస్తుంది. మండలి చూసిన సంబంధాన్ని కాదంటే కుక్కను మండలి సంరక్షణలోకి తీసుకుంటుంది. మండలి అనుమతి లేకుండా పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ ఏ డాక్టరూ చేయకూడదు. మండలి సంరక్షణ అంటే మా ఆఫీసు వెనక రేకుల షెడ్డు. ఎండాకాలంలో నేను నా సైకిలు కూడా అందులో పెట్టను.

మొదటి నోటీసు దొమ్మేటి నాగరత్నానికి వెళ్ళింది.

నాగరత్నం మార్కెట్ వీధిలో జాకెట్లు కుడుతుంది. ఒంటరి మనిషి. ఆమె దగ్గర ఉన్న పగ్ ఆమె కొన్నది కాదు. కొన్నవాళ్ళు దాని గురకకి విసిగి, కొలతలివ్వడానికి వచ్చినప్పుడు వెంటబెట్టుకొచ్చి, ఇప్పుడే వస్తామని వదిలేసిపోయారు. జాకెట్టు కోసం కూడా మళ్ళీ రాలేదు. గుండ్రంగా, వేయించిన మినప్పిండి రంగులో ఉంటుంది గనక దానికి సున్నుండ అని పేరు పెట్టుకుంది.

నోటీసు పట్టుకుని, సున్నుండని చంకనేసుకుని మా ఆఫీసుకొచ్చింది. ఆ కుక్క ఊపిరి తీస్తుంటే వరండాలో ఉన్న అటెండరు ఎవరో కుట్టుమిషను తెచ్చారనుకున్నాడు.

“సూపర్నెంటుగారండీ, దీనికి పెళ్ళొద్దండి. ఆపరేషన్ చేయించేత్తానండి. ఆ కాగితం ఒక్కటీ ఇప్పించండి చాలు.”

“ఎందుకమ్మా?”

“చచ్చిపోద్దండి. డాక్టరమ్మగారు చెప్పేరు. దీనికి మామూలుగానే ఊపిరాడదు, కడుపుతో ఉంటే ఇంకేం ఆడుద్ది అన్నారండి. పిల్లల తలకాయలు పెద్దయ్యంట, కోసి తియ్యాలంట. ఆ టైములో మత్తిత్తే మరి లేవదంట. ఇప్పుడైతే ముక్కు కూడా కాత్త తెరిచి, జాగర్తగా చేత్తానంటున్నారండి. నాకు ఇది తప్ప ఇంకెవరున్నారండీ?”

నేను ఆమె అర్జీ తీసుకుని సంఖ్య వేశాను. అధ్యక్షుల వారు దాన్ని చదివి సున్నుండని తనిఖీ చేయించారు. గురక బిగ్గరగా ఉంది, ఉత్తమ లక్షణం. మూతి పూర్తిగా అణిగి ఉంది, అత్యుత్తమ లక్షణం. అర్జీ తిరస్కరించారు. అంతటితో ఊరుకోలేదు, ఇంత లక్షణమైన పిల్లని బయటివాళ్ళకి ఎందుకివ్వాలి అనుకున్నారు. వరుడిగా చక్రవర్తిని ఖాయం చేశారు.

పెళ్ళిచూపులు అధ్యక్షుల వారి వరండాలోనే జరిగాయి. రెండు కుక్కల్నీ ఎదురెదురుగా కూర్చోబెడితే రెండూ ఫ్యాను కింద బోర్లా పడుకుని నాలుకలు బయటపెట్టి రొప్పసాగాయి. “చూశారా, శ్రుతి కలిసింది,” అన్నారు విశ్వపతిరావు గారు. జాతకాలు కూడా చూశారు. సున్నుండ పుట్టిన తేదీ నాగరత్నానికి తెలియదంటే పేరుబలం మీద చూసి ముప్పై గుణాలు కలిశాయన్నారు.

సరిగ్గా అప్పుడు డాక్టరు సుగుణ గారు రెండు టీకా పుస్తకాలు పట్టుకుని ఆదరాబాదరాగా వచ్చింది.

“సార్, ఈ రెండూ ఒకే తల్లి పిల్లలండి! ఒకే ఈతలోవి. ఆరు పిల్లలకీ మొదటి టీకా వేసింది నేనే. మచ్చలతో సహా రాసుకున్నాను, చూడండి.”

అధ్యక్షుల వారు పుస్తకాలు ముట్టుకోలేదు. “చక్రవర్తికి హైదరాబాదు రసీదు ఉంది. భైరవస గోత్రం. పిల్లది కాశ్యప గోత్రం. సగోత్రం ఎలా అవుతుందమ్మా?”

“కడుపు ఒకటే కదండీ!”

“కడుపుకి రిజిస్టరు ఏదీ? టీకా పుస్తకం వంశవృక్షం కాదు. పైగా ఇంకో సంగతి. నాగరత్నం నన్ను ఏమని పిలుస్తుంది?”

“అన్నయ్యగారూ అంటానండి,” అంది నాగరత్నం అయోమయంగా. మా ఊళ్ళో కాస్త పెద్దరికమున్న మగవాళ్ళందరినీ ఆడవాళ్ళు అలాగే పిలుస్తారు.

“విన్నారా? నాకు చెల్లెలి వరస. అంటే చక్రవర్తికి సున్నుండ మేనత్త కూతురు. ఇంతకన్నా శ్రేష్ఠమైన సంబంధం నా సర్వీసులో చూడలేదు. సూపరింటెండెంటు గారూ, మేనరికం అని రాసుకోండి. వచ్చే బుధవారం పదకొండు గంటలకు ఆఫీసులోనే.”

నేను రాసుకున్నాను. డాక్టరుగారు తల పట్టుకుని మెట్ల మీద కూర్చుండిపోయింది.

మర్నాడు నాగరత్నం మళ్ళీ ఆఫీసుకొచ్చింది. ఈసారి ఏమీ అడగలేదు. సున్నుండని ఒళ్ళో పెట్టుకుని బల్ల మీద కూర్చుంది, దాని ముక్కు దగ్గర పైటకొంగుతో విసురుతూ. నాకు సిగ్గేసింది. ఆ ఫైల్లో ప్రతి అక్షరం నేను రాసిందే.

“నేనేం చెయ్యలేనమ్మా,” అన్నాను. “వాళ్ళకి ఊపిరి కనపడదు, రక్తం కనపడదు. వరస ఒక్కటే కనపడుద్ది.”

ఉపాయం చెబుదామని అనలేదు. విసుగుపుట్టి అన్నాను. కాని నాగరత్నం విసరడం ఆపేసింది.

“రాజ్యలచ్చమ్మగారి జాకెట్టు నా దగ్గరే ఉండిపోయిందండి,” అని లేచింది. “ఇచ్చేసొత్తాను.”

రాజ్యలక్ష్మి గారంటే అధ్యక్షుల వారి భార్య.

బుధవారం వచ్చింది. బీరువాకి మామిడాకులు కట్టాం. మండలి సభ్యుడు తోట గంగాధరం గారు పట్టుపంచె కట్టుకుని వచ్చారు. నాగరత్నం సున్నుండతో ఓ మూల నిలబడింది, పక్కన డాక్టరు సుగుణ గారు. పదకొండుకి ఐదు నిమిషాలుండగా, ఎవరూ పిలవకుండా, చక్రవర్తిని భుజాన వేసుకుని రాజ్యలక్ష్మి గారు లోపలికి వచ్చారు.

“ఏవండీ, ఈ పెళ్ళి కుదరదు.”

“ఆఫీసులో ఏమిటే ఇది? మేనరికం కూడాను!”

“మేనరికం ఎక్కడిదండీ? నాగరత్నం నాకు చెల్లెలు. మొన్న శుక్రవారం బొట్టుపెట్టి, చీర పెట్టి, చెల్లెల్ని చేసుకున్నాను. ముగ్గురు ముత్తైదువలు చూశారు. కావాలంటే సంతకాలు పెడతారు.”

“అయితే ఏమైంది?”

“వీడు నా కొడుకే కదా? మెట్లెక్కలేక పడిపోయినప్పుడల్లా నీ కొడుకు పడ్డాడే అని కేకేసేది మీరే. ఎత్తుకుని పైకి మోసేది నేను. అక్కచెల్లెళ్ళ పిల్లలు ఒకళ్ళకొకళ్ళు ఏమవుతారండీ?”

అధ్యక్షుల వారి మొహంలో నెత్తురుచుక్క లేదు. రెండువందల పన్నెండు పెళ్ళిళ్ళు చేసిన మనిషి. ఆ ప్రశ్నకు జవాబు ఆయనకు కాక ఇంకెవరికి తెలుస్తుంది?

“అన్నాచెల్లెళ్ళు,” అన్నారు.

గంగాధరం గారు రెండు చెవులూ మూసుకున్నారు. “శివశివా! ఎంత ఘోరం జరిగిపోయేది!”

“నేను నెల రోజుల నించీ చెబుతున్నది అదే కదండీ,” అంది డాక్టరు సుగుణ గారు. నవ్వాలో ఏడవాలో ఆవిడకి తెలియడం లేదు.

“మీరు చెప్పింది రక్తం డాక్టరుగారూ,” అన్నారు అధ్యక్షుల వారు కోపంగా. “ఇది వరస!”

అప్పటికి పని అయిపోయినట్టే. కాని గంగాధరం గారు చెవుల మీద నించి చేతులు తీసి, వేళ్ళు మడిచి ఏదో లెక్క వేసుకోవడం మొదలుపెట్టారు. ఆయనది పాపం స్వచ్ఛమైన మనసు.

“సార్, చిన్న సందేహం. నాగరత్నం మిమ్మల్ని అన్నయ్యా అంటుంది. రాజ్యలక్ష్మి గారిని అక్కా అంటుంది. మీ ఇద్దరికీ చెల్లెలే. అలాంటప్పుడు మీరూ, అమ్మగారూ...”

రాజ్యలక్ష్మి గారు చక్రవర్తిని ఆ భుజం మీంచి ఈ భుజానికి మార్చుకున్నారు.

“నోర్ముయ్యవయ్యా!” అని అరిచారు విశ్వపతిరావు గారు. నా వైపు తిరిగారు. “సూపరింటెండెంటు గారూ! ఫైల్లో అన్నయ్య అని ఉన్నచోటల్లా కొట్టేసి బావగారు అని రాయండి. ఇప్పుడే. పాత తేదీ వెయ్యండి.”

పదకొండు చోట్ల ఉంది. పదకొండు చోట్లా దిద్దాను. నా ఉద్యోగ జీవితంలో ఒక సంసారాన్ని కలంతో నిలబెట్టింది ఆ ఒక్కసారే.

గంగాధరం గారు ఇంకా ఊరుకోలేదు. ఈ పిల్లకి వేరే సంబంధం చూడవచ్చు కదా అన్నారు. నాగరత్నం చెయ్యి సున్నుండ చుట్టూ బిగిసింది. నేను గబగబా రిజిస్టరు తీసి చదివాను. జిల్లాలో మగ పగ్గుల్లో ముప్పావువంతు చక్రవర్తి కొడుకులు. వాళ్ళందరికీ సున్నుండ ఇప్పుడు మేనత్త. మిగతా పావువంతు వాడి మనవలు. వాళ్ళకి నాయనమ్మ వరసో అమ్మమ్మ వరసో అవుతుంది. మేనత్తని చేసుకోవడం ఏ కులంలోనూ లేదని అధ్యక్షుల వారే ఒప్పుకున్నారు. జిల్లాలో పగ్గులన్నీ ఒకే ఇంటివని ఆ రోజు మొదటిసారి మండలి ముందు చదవడం జరిగింది. మండలి విని, తర్వాతి అంశానికి వెళ్ళింది.

వరస కుదరనందున ఆపరేషన్‌కు అభ్యంతరం లేదని కాగితం తయారుచేశాను. అధ్యక్షుల వారు కలం పట్టుకుని ఆలోచిస్తూ ఉండిపోయారు.

“కానివ్వండి బావగారూ,” అంది నాగరత్నం. “పెట్టేయండి.”

ఆయన పెట్టేశారు.

ఆపరేషన్ రోజు నేను సెలవు పెట్టి వెళ్ళాను. నాగరత్నం ఆసుపత్రి బయట గట్టు మీద రెండున్నర గంటలు కదలకుండా కూర్చుంది. పక్కన రాజ్యలక్ష్మి గారు కూర్చున్నారు. సుగుణ గారు బయటికి వచ్చి, పిల్లలు పుట్టకుండా చేశాననీ, ముక్కు రంధ్రాలు తెరిచాననీ, లేచి కూర్చుందనీ చెబితే నాగరత్నం బావురుమంది. నాకూ కళ్ళు చెమ్మగిల్లాయి, దాచుకోవడం ఎందుకు?

రెండు వారాల తర్వాత ఓ మధ్యాహ్నం నాగరత్నం మిషను తొక్కుతూ తొక్కుతూ చటుక్కున ఆపేసిందట. కాళ్ళ దగ్గర ఏ చప్పుడూ లేదు. గబుక్కున కిందికి వంగి చూస్తే సున్నుండ హాయిగా నిద్రపోతోంది, పొట్ట పైకీ కిందికీ కదులుతోంది. అది ఊపిరి తీసుకుంటోందని తెలుసుకోవడానికి చెయ్యి పెట్టి చూడవలసి వచ్చిందని నాతో చెప్పి మురిసిపోయింది.

ఆ తర్వాత సున్నుండ వీధిలో పడింది. పాలవాడి మోపెడ్ వెంట మార్కెట్ వీధి ఈ చివర నుంచి ఆ చివరికి పరుగెత్తింది. పసలంకలో పగ్ పరుగెత్తడం ఎవరూ ఎన్నడూ చూడలేదు. ముక్కున వేలేసుకున్నారు. ఒక పౌరుడు బాధ్యతగా మండలికి ఫిర్యాదు చేశాడు. తనిఖీ జరిగింది, అత్యవసర సమావేశం జరిగింది. వెలువడిన ఉత్తర్వు నేనే నా శుభ్రమైన చేతిరాతతో రాశాను.

“పై శునకము నిశ్శబ్దముగా ఊపిరి పీల్చుచున్నదనియు, అలుపు లేక పరుగెత్తుచున్నదనియు తనిఖీలో తేలినందున, ఇది జాతి లక్షణములను కోల్పోయినదని నిర్ధారించి, పగ్ రిజిస్టరు నుండి తొలగించడమైనది. ఇకమీదట దీనిని కేవలము కుక్కగా మాత్రమే పరిగణించవలెను.”

ఆ కాగితం ఇవ్వడానికి నేనే మార్కెట్ వీధికి వెళ్ళాను. నాగరత్నం నాతో రెండుసార్లు చదివించుకుంది. మిషను సొరుగులోంచి గుండుసూదులు తీసి, గోడకి, అందరికీ కనపడేటట్టు గుచ్చింది. సున్నుండ గుమ్మంలో నిలబడి దారినపోయే ఆటోలన్నిటినీ పేరుపేరునా మొరిగి పంపిస్తోంది.

నేను చెప్పులేసుకుంటూ ఉండగా సందు మొదట్లో రాజ్యలక్ష్మి గారు కనపడ్డారు. చంకలో చక్రవర్తి, నాలుక వేలాడేసి రొప్పుతున్నాడు. ఆవిడ నన్ను చూసి కొంచెం తడబడ్డారు. వెనక్కి ఒకసారి చూసుకుని గబగబా లోపలికి వచ్చి, గోడ మీద ఉత్తర్వు మొదటి నుంచి చివరిదాకా చదివి, గొంతు తగ్గించి అడిగారు:

“చెల్లీ, మీ బావగారికి తెలియకుండా, మావాణ్ణి కూడా కుక్కని చేయించగలవా?”